తాళం గట్టిదే.. అవతల ఉన్నదెవరు?

2025 మార్చిలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్జ్ సిగ్నల్ యాప్‌లో ఒక గ్రూపు ఏర్పాటు చేశారు. యెమెన్‌లోని హౌతీలపై దాడుల గురించి ఉపాధ్యక్షుడు, రక్షణ మంత్రి స్థాయి వ్యక్తులు అందులో మాట్లాడుకున్నారు. మార్చి 15న బాంబులు పడకముందే విమానాలు బయల్దేరే వేళలు కూడా అందులోకి వచ్చాయి. వాటిని చదివినవారిలో 'ది అట్లాంటిక్' పత్రిక సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్ ఒకరు. ఆయన్ను పొరపాటున ఎవరో గ్రూపులో చేర్చేశారు. సిగ్నల్ ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ ఛేదించలేదు. అది చేయాల్సిన పని చక్కగా చేసింది. రహస్యాన్ని భద్రంగా తీసుకెళ్లి చేరకూడని మనిషికి చేర్చింది.

మన అనుభవమూ దీనికి భిన్నం కాదు. 2019 డిసెంబరులో 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ ఇంటెలిజెన్స్ కలిసి ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశాయి. ఫేస్‌బుక్‌లో పరిచయమైన 'మహిళలకు' నౌకల కదలికలు చేరవేశారన్నది అభియోగం. 2022 జూన్‌లో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌లో పనిచేసిన ఒక కాంట్రాక్టు ఉద్యోగిని, 2023 మేలో పుణెలోని ఒక సీనియర్ డీఆర్‌డీవో శాస్త్రవేత్తను ఇలాంటి ఆరోపణలపైనే పట్టుకున్నారు. ఈ ఘటనల్లో శత్రువు సాంకేతిక కవచాన్ని బద్దలుకొట్టాడని ఎవరూ అనలేదు. అవతలి మనిషి ఎవరో తేల్చుకోకుండా ఇవతలి మనిషి మాట కలిపాడు, అంతే.

రహస్య సంభాషణల గురించి మనదేశంలో జరిగే చర్చంతా 'తాళం ఉండాలా, ప్రభుత్వం చేతికి మారుతాళం ఇవ్వాలా' అన్నచోటే ఆగిపోతోంది. తాళానికి అవతల నిలబడింది ఎవరన్న ప్రశ్న దానికంటే ముందు రావాలి. ఆ ప్రశ్నను వాడుకరి ముందు నిక్కచ్చిగా నిలబెట్టే పద్ధతి ఒకటి 20 ఏళ్లుగా ఉంది. ఆధునిక యాప్‌ల సొగసులు దానికి లేవు. బొమ్మలు, బటన్లు లేని నల్లటి తెరపై అక్షరాలతోనే నడుస్తుంది. అది పనిచేసే తీరును నేను దగ్గరగా చూసింది జంషెడ్‌పుర్‌లోని బిర్సానగర్‌లో.

నల్లతెర మీద అక్షరాలు

ఉక్కు నగరం జంషెడ్‌పుర్‌కు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరతరాలుగా తెలుగువారు వలస వెళ్లారు. ఆ నగరానికి, దేశ రక్షణకు పాత అనుబంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉక్కు అందించినందుకే సాక్చి గ్రామానికి 1919లో జంషెడ్‌పుర్ అని పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో 'టాటానగర్' పేరుతో సైన్యం కోసం కవచ వాహనాలూ ఇక్కడ తయారయ్యాయి. నగరానికి తూర్పున టెల్కో కాలనీకి ఆనుకుని బిర్సానగర్ ఉంటుంది. బిర్సా ముండా పేరుతో వెలసిన ఆ ప్రాంతంలో చిరునామాలను జోన్ నంబర్లతో చెబుతారు. మా పెద్దనాన్న మనవడు అక్కడే ఇంటి నుంచి ఒక కంపెనీ సర్వర్ల బాగోగులు చూస్తుంటాడు. పనివేళల్లో అతడి ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ ఒక నల్లటి తెర తెరిచి ఉంటుంది. అందులో నడిచేది 'వీచాట్' అనే అక్షరాల చాట్ ప్రోగ్రాం.

అది చైనా 'విచాట్' కాదు. ఫ్రాన్స్‌కు చెందిన సెబాస్టియన్ హెల్యూ 2003లో మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఫిన్లాండ్‌లో తిమో సిరాయినెన్ 1999లో రాసిన 'ఇర్సి' కూడా ఈ కోవలోదే. ఇవి ఆధారపడే ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థను 1988లో ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ రూపొందించారు. 1991లో సోవియట్ తిరుగుబాటు రోజుల్లో మాస్కో కబుర్లు ఈ వ్యవస్థ గుండా బయటి ప్రపంచానికి చేరాయి. నెట్ నత్తనడకన సాగినా, కంప్యూటర్ పాతదైనా ఇవి పనిచేస్తాయి. ప్రోగ్రాం చిన్నది, దాని మూలం ఎవరైనా చదవచ్చు. సర్వర్ల నిర్వాహకులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రచయితలు ఇప్పటికీ వీటిని వదలకపోవడానికి కారణం అదే.

దారిలో తాళం, చివరిదాకా తాళం

ఐఆర్‌సీ పుట్టినప్పుడు రహస్యం అన్న ఆలోచనే లేదు. సందేశాలు పోస్టుకార్డుల్లా తెరిచే వెళ్లేవి. తర్వాత టీఎల్ఎస్ అనే రక్షణ వచ్చింది. మన కంప్యూటర్‌కు, సర్వర్‌కు మధ్య దారిలో అది తాళం వేస్తుంది. కానీ సర్వర్ దగ్గరికి చేరగానే తాళం తెరుచుకుంటుంది. అక్కడ కూర్చున్న నిర్వాహకుడు ప్రతి ముక్కా చదవగలడు. అక్కడి నుంచి అవతలి మనిషికి మళ్లీ కొత్త తాళంతో వెళుతుంది. పోస్టుమాస్టరు ప్రతి కవరూ విప్పి చదివి తిరిగి అంటించినట్లన్నమాట.

ఈ లోపాన్ని పూడ్చేందుకు 2004లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన నికితా బోరిసోవ్, ఎరిక్ బ్రూవర్, వారితోపాటు ఇయాన్ గోల్డ్‌బర్గ్ 'ఆఫ్ ది రికార్డ్' అనే పద్ధతిని రూపొందించారు. వాడుకలో ఓటీఆర్ అంటారు. ఇందులో తాళంచెవులు మాట్లాడుకునే ఇద్దరి కంప్యూటర్లలోనే తయారవుతాయి. సర్వర్‌కు కనిపించేది అర్థంకాని అక్షరాల గుంపు మాత్రమే. సంభాషణ సాగుతుండగా చెవులు మారిపోతూ ఉంటాయి, పాతవి చెరిగిపోతాయి. రేపు ఎవరైనా ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లినా, దారిలో పట్టి దాచుకున్న నిన్నటి సందేశాలను దాంతో విప్పలేరు. ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల్లో కొన్నింటిని జర్మనీ పత్రిక 'డెర్ స్పీగెల్' 2014 డిసెంబరులో ప్రచురించింది. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ పట్టుకున్న ఒక సంభాషణలో ఓటీఆర్ సందేశాల చోట 'విప్పడం సాధ్యం కాలేదు' అన్న గుర్తు కనిపించింది. నేటి సిగ్నల్, వాట్సాప్‌ల వెనకున్న విధానం ఓటీఆర్ ఆలోచనల మీదే ఎదిగింది.

ఇంత గట్టి తాళానికీ ఒక బలహీనత ఉంది. మొదటిసారి చెవులు మార్చుకునే క్షణంలో మధ్యలో ఒకడు దూరి, ఇటువైపు 'నేనే అతణ్ని' అని, అటువైపు 'నేనే ఇతణ్ని' అని నమ్మించవచ్చు. అప్పుడు రెండు వైపులా ఎన్‌క్రిప్షన్ ఉన్నట్లే కనిపిస్తుంది, మధ్యవాడు మాత్రం అంతా చదువుతాడు. ఇది పుస్తకాల్లో ఊహించిన ప్రమాదం కాదు. రష్యన్లు ఎక్కువగా వాడే జాబర్ డాట్ ఆర్‌యూ అనే చాట్ సేవ సర్వర్లు జర్మనీలో ఉండేవి. వాటికి వచ్చే సంభాషణలను ఎవరో దారిలోనే నెలల తరబడి పట్టి చదివే ఏర్పాటు చేశారని 2023 అక్టోబరులో బయటపడింది. ఆ సర్వర్ పేరుతోనే వారు వేరే ధ్రువపత్రాలు సంపాదించారు. ధ్రువపత్రం అసలుదిలా ఉండటంతో వాడుకరుల ప్రోగ్రాంలకు అనుమానం రాలేదు. వాటిలో ఒకదాని గడువు తీరినా దొంగచాటు పెద్దమనుషులు పునరుద్ధరించడం మరిచిపోయారు. అందువల్లే గుట్టు రట్టయింది! చట్టబద్ధ నిఘాయే కావచ్చని ఆ సేవ నిర్వాహకులు అనుమానించారు. దారి తాళాన్నే నమ్ముకున్నవారి మాటలు అప్పటికే బయటపడి ఉంటాయి. చివరిదాకా తాళం వేసి, అవతలివారి చెవిని సరిచూసుకున్నవారికి మాత్రం దిగులు లేదు.

ఆ రెండో పనే చాలామంది వదిలేస్తారు.

ఒక్క అక్షరం తేడా వచ్చినా..

ఓటీఆర్‌లో ప్రతి వాడుకరికీ 40 అక్షరాంకెల 'వేలిముద్ర' ఉంటుంది. ఎనిమిదేసి చొప్పున ఐదు గుంపులుగా తెరపై కనిపిస్తుంది. అవతలి మనిషికి ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి, ఇద్దరూ చదువుకుని సరిచూసుకోవాలి. అంతవరకు ప్రోగ్రాం ఆ సంభాషణను 'ఎన్‌క్రిప్ట్ అయింది కానీ ధ్రువీకరణ కాలేదు' అనే చూపిస్తుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులని ముఖం మీదే చెప్పే నిజాయతీ ఈ నల్లతెరది. మనం రోజూ వాడే యాప్‌లు 'మీ సంభాషణ సురక్షితం' అని ఒకే ముక్కలో తేల్చేస్తాయి.

వేలిముద్ర చదవడం విసుగనిపిస్తే మరో మార్గం ఉంది. 2007లో క్రిస్ అలెగ్జాండర్, గోల్డ్‌బర్గ్ దాన్ని ఓటీఆర్‌కు జోడించారు. ఇద్దరు ధనవంతులు తమ ఆస్తి ఎంతో బయటపెట్టకుండానే, ఇద్దరిదీ సమానమా కాదా అన్నది తేల్చుకునే గణిత చిక్కుముడి దానికి ఆధారం. ఒకరు ప్రశ్న వేస్తారు. ఇద్దరికే తెలిసిన జవాబును ఇద్దరూ విడివిడిగా టైప్ చేస్తారు. జవాబు మాత్రం ఎక్కడికీ వెళ్లదు. రెండూ ఒకటేనా కాదా అన్నదే తెలుస్తుంది. మధ్యలో దూరినవాడికి ఒక్కో ప్రయత్నంలో ఒక్కసారి ఊహించే అవకాశమే ఉంటుంది. తప్పితే ఇద్దరికీ తెలిసిపోతుంది.

బిర్సానగర్‌లో ఆ రోజు మావాడు విదేశంలో ఉన్న పాత సహాధ్యాయితో ఇదే పరీక్ష పెట్టాడు. ప్రశ్న కాలేజీ రోజుల్లో సాక్చిలో ఇద్దరూ టీ తాగిన చోటు గురించి. జవాబు ఇద్దరికీ తెలుసు. అయినా తెరపై 'విఫలం' అని వచ్చింది. నాకు గుండె జారింది గానీ, వాడు నవ్వాడు. "కంగారొద్దు బాబాయ్, వాడు స్పెల్లింగ్ మార్చి ఉంటాడు" అని ఫోన్ అందుకున్నాడు. అదే నిజమైంది. ఇలాంటి తెరలపై తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కనిపించవు కాబట్టి ఇద్దరూ తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. ఒకరు ఒక దీర్ఘానికి రెండు అక్షరాలు వాడితే, మరొకరు ఒక్కటే వాడారు. యంత్రానికి అర్థంతో పనిలేదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే జవాబే. తెలుగు లిపిలో రాసినా చిక్కు తప్పదు. పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తును ఒక కీబోర్డు చేరుస్తుంది, మరొకటి చేర్చదు. జవాబును అంకెలుగా పెట్టుకోవడమో, చిన్న అక్షరాల్లో ఒకే మాట రాయాలని ముందే అనుకోవడమో మంచిదని అప్పుడే అర్థమైంది.

అంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటి మావాడు చెప్పాడు. "పుట్టిన ఊరు, అమ్మ పేరు, బడి పేరు అడగకూడదు బాబాయ్. అవన్నీ మనమే ఫేస్‌బుక్‌లో పెట్టేశాం." హనీట్రాప్ వేసే గూఢచారి ముందుగా చదివేది కూడా ఆ పేజీలనే. ఝార్ఖండ్‌లోని జామ్‌తాడా పేరు తెలుగు పాఠకులకు ఓటీపీ మోసాల వల్లే పరిచయం. ఆ మోసగాళ్లు ఏ బ్యాంకు ఎన్‌క్రిప్షన్‌నూ ఛేదించలేదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించారు. గూఢచారి వాడే ఎత్తూ అదే, వేట మాత్రం పెద్దది.

తాళం కాపాడలేనివి

ధ్రువీకరణ పూర్తయినా కొన్ని ప్రమాదాలు మిగిలే ఉంటాయి. మొదటిది, ఎవరు ఎవరితో ఎప్పుడు ఎంతసేపు మాట్లాడారన్నది సర్వర్‌కు తెలుస్తూనే ఉంటుంది. యుద్ధనౌకలోని ఒక నావికుడు రోజూ రాత్రి ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏ రోజు నుంచి హఠాత్తుగా మానేశాడన్నది గమనిస్తే నౌక కదిలిందని ఊహించడానికి అది చాలు. రెండోది, ఓటీఆర్ ఇద్దరి మధ్యే పనిచేస్తుంది, పైగా ఇద్దరూ ఒకే సమయంలో నెట్‌లో ఉండాలి. గ్రూపులకు పనికిరాదు. తర్వాత వచ్చిన 'ఓమెమో' విధానం ఈ కొరతలను తీర్చింది. 'ప్రొఫానిటీ' అనే అక్షరాల చాట్ ప్రోగ్రాం దాన్ని వాడుకుంటుంది. మూడోది, ఇలాంటి ప్రోగ్రాంలు పాత సంభాషణలను మామూలు అక్షరాల్లో డిస్కుపై దాచే అవకాశం ఉంది. దారంతా తాళం వేసి, ఇంట్లో కాగితం బల్ల మీద వదిలేసినట్లే. ఆ సదుపాయాన్ని ఆపేశారో లేదో ముందే చూసుకోవాలి. నాలుగోది, ఫోన్‌లోకే గూఢచారి సాఫ్ట్‌వేర్ దూరితే ఏ తాళమూ ఆగదు. పెగాసస్‌తో సుమారు 1,400 పరికరాలను లక్ష్యంగా చేసుకున్నారంటూ 2019లో వాట్సాప్ కోర్టుకెక్కింది. బాధితుల్లో భారతీయులూ ఉన్నారు.

అన్నింటికన్నా పెద్దది మనిషి. 2010 మేలో ఇరాక్‌లో పనిచేస్తున్న అమెరికా సైనిక విశ్లేషకురాలు చెల్సీ మానింగ్, తాను వికీలీక్స్‌కు రహస్య పత్రాలు ఇచ్చిన సంగతిని అడ్రియన్ లామో అనే హ్యాకర్‌తో చాట్‌లో పంచుకున్నారు. ఆ సంభాషణ ఓటీఆర్ ఎన్‌క్రిప్షన్‌తోనే సాగింది. తాళం ఎక్కడా తెగలేదు. లామోయే ఆ సంభాషణను అధికారులకు అందించాడు. మానింగ్‌కు 2013లో 35 ఏళ్ల జైలుశిక్ష పడింది, 2017 జనవరిలో దాన్ని తగ్గించారు. సైన్యం కోణంలో చూస్తే ఒక లీకేజీ పట్టుబడింది. సంభాషణకు దిగినవారి కోణంలో చూస్తే, ఎన్‌క్రిప్షన్‌ను నమ్మి మనిషిని నమ్మినట్లయింది. ఎటు చూసినా పాఠం ఒకటే.

మారుతాళంతో గూఢచారి దొరుకుతాడా?

నేరస్థులు, ఉగ్రవాదులు ఎన్‌క్రిప్షన్ చాటున దాక్కుంటున్నారన్న ప్రభుత్వ ఆందోళన నిరాధారం కాదు. ఐటీ చట్టంలోని 69వ సెక్షన్ నిఘాకు, సందేశాలు విప్పాలని ఆదేశించడానికి వీలిస్తుంది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు మరో అడుగు ముందుకేశాయి. 50 లక్షలకు మించి వాడుకరులున్న మెసేజింగ్ సంస్థలు, ఆదేశిస్తే ఒక సందేశాన్ని మొదట పంపిందెవరో చెప్పాలన్నాయి. వాట్సాప్ దిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఎన్‌క్రిప్షన్‌ను బద్దలుకొట్టాలంటే తాము దేశం వదిలి వెళ్లాల్సిందేనని 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ న్యాయవాది కోర్టుకు చెప్పారు. 2023 మేలో జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారంటూ కేంద్రం 14 యాప్‌లను నిషేధించింది. వాటిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వచ్చిన ఎలిమెంట్, బ్రయార్ కూడా ఉన్నాయి. అంతకుముందు 2015 సెప్టెంబరులో వచ్చిన జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా, పౌరులు తమ సందేశాల అసలు పాఠాన్ని 90 రోజులు దాచి ఉంచాలంది. గగ్గోలు పుట్టడంతో ఒకట్రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఓటీఆర్ లాంటి పద్ధతిని చట్టంతో ఆపడం కష్టం. దాని వెనక మూసేయడానికి ఒక కంపెనీ లేదు. పిలిచి ప్రశ్నించడానికి అధిపతీ లేడు. గణితం పుస్తకాల్లో ఉంది, ప్రోగ్రాం అందరికీ అందుబాటులో ఉంది. పెద్ద యాప్‌లకు మారుతాళం పెట్టిస్తే, తెలివైన గూఢచారి నల్లతెరకు మారిపోతాడు. మారుతాళం మాత్రం సామాన్యుడి తలుపుకే ఉండిపోతుంది. అది ఎప్పుడో ఒకప్పుడు శత్రుదేశం చేతికీ చిక్కుతుంది. విశాఖ కేసులో సిబ్బందితోపాటు హవాలా వ్యాపారి కూడా పట్టుబడటం గమనించాలి. మాటలు దాచినా డబ్బు, పరిచయాలు, అలవాట్లు జాడ వదులుతాయి. నిఘా వర్గాలు మెరుగుపడాల్సింది అక్కడ. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ హక్కుకు, దేశ భద్రతకు మధ్య పోరు తప్పనిసరి కాదు.

సైన్యం వేసిన అడుగు, మిగిలిన అడుగు

మన సైన్యం ఈ దిశగా కదలకపోలేదు. విశాఖ ఉదంతం తర్వాత నౌకాదళం స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లను, సామాజిక మాధ్యమాలను నిషేధించింది. 2020లో ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లను తొలగించాలని సిబ్బందిని సైన్యం ఆదేశించింది. ఆ ఏడాది అక్టోబరులో చివరిదాకా ఎన్‌క్రిప్షన్ ఉండే 'సాయ్' యాప్‌ను, 2021 డిసెంబరులో అంతర్గత నెట్‌వర్క్ కోసం 'ఆసిగ్మా' సందేశ వ్యవస్థను తీసుకొచ్చింది. ప్రభుత్వోద్యోగులకు ఎన్ఐసీ 'సందేశ్' ఉంది. విదేశీ సర్వర్ల మీద ఆధారపడకపోవడం మంచిదే. అయితే ఇవన్నీ ప్రధానంగా తాళానికి సంబంధించిన ఏర్పాట్లు.

మిగిలిన అడుగు మనుషులది. రక్షణ ఉత్పత్తులు ఇప్పుడు ఆయుధ కర్మాగారాలకే పరిమితం కావు. ఖర్కాయ్ నది అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో వందల చిన్న పరిశ్రమలున్నాయి. హైదరాబాద్, విశాఖ శివార్లలోనూ అలాంటివే ఉన్నాయి. పెద్ద పరిశ్రమకు విడిభాగం చేసిచ్చే చిన్న షెడ్డులో పని ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. డ్రాయింగ్ వాట్సాప్‌లో వస్తుంది, కొలతల సవరణ వాట్సాప్‌లో వస్తుంది, 'కొత్త నంబరు, సేవ్ చేసుకోండి' అన్న సందేశమూ అందులోనే వస్తుంది. ఆ కొత్త నంబరు ఎవరిదో ఫోన్ చేసి తేల్చుకునేవారు ఎందరు? గూఢచారికి క్షిపణి కేంద్రం గోడ దూకడం కన్నా ఆ షెడ్డులోని ఫోన్‌కు ఒక 'హాయ్' పంపడం ఎంతో తేలిక.

అందుకు కోట్లు ఖర్చయ్యే పరికరాలు అక్కర్లేదు. వాట్సాప్‌లో, సిగ్నల్‌లో ప్రతి పరిచయానికీ 60 అంకెల భద్రతా సంఖ్య ఉంటుంది. ఓటీఆర్ వేలిముద్రకు అది తోబుట్టువు. ఎదురుపడినప్పుడు ఒకసారి సరిచూసుకుంటే చాలు. 'భద్రతా సంఖ్య మారింది' అన్న హెచ్చరికను తుడిచేయకుండా, అదే రోజు ఫోన్ చేసి అడగాలి. రక్షణ కాంట్రాక్టు తీసుకునే చిన్న సంస్థకు నాణ్యతా పరీక్షలు ఎలా తప్పనిసరో, సంభాషించే వ్యక్తుల ధ్రువీకరణ కూడా అలాగే నిబంధన కావాలి. సైనిక శిక్షణలో హనీట్రాప్ గురించి చేసే హెచ్చరికలతో పాటు, వేలిముద్ర సరిచూడటం చేతులతో చేయించి నేర్పాలి. గ్రూపులో కొత్త పేరు చేరినప్పుడు, ఆయన ఎవరో తెలిసినవారు చెప్పేదాకా మిగిలినవారు మాట్లాడకూడదన్న నియమం ఉండాలి. అమెరికా అగ్రనేతల గ్రూపులో ఆ ఒక్క నియమం ఉండి ఉంటే, దాడి వేళలు ఒక సంపాదకుడి ఫోన్‌కు చేరేవి కావు.